రెండో గొట్టం

శకుంతలమ్మ పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు.

ముట్టనని భీష్మించుకుని ఓ మూల కూర్చుంటే కొంత నయం. అట్లా కూర్చునే మనిషి కాదామె. పెరట్లో మూడు నెలలుగా కోడిపెట్ట కాపురం పెట్టిన పాత కట్టెల పొయ్యిని ఖాళీ చేయించింది. పెట్ట గోలగోలగా అరుస్తూ కంప మీదికి ఎగిరిపోయింది. ఇప్పుడా పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పచ్చి కట్టెలను ఊదుతోంది. ఊదిన ప్రతిసారీ పొగ ఆమె మొహానికే వస్తోంది. దగ్గుతోంది, తిట్టుకుంటోంది, మళ్లీ ఊదుతోంది.

వంటింటి కిటికీలోంచి కోడలు పల్లవి చూస్తోంది. ఆమె వెనక గట్టు మీద పేడ గ్యాసు పొయ్యి నీలం మంటతో చప్పుడు లేకుండా వెలుగుతోంది. ఇంత రభసకూ మూలం తానే అయినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

"అత్తా, ఆ పొగలో నీకెందుకు? ఇట్లా రా. నేను చేసి పెడతాను."

"నువ్వు మాట్లాడొద్దు మే. నీ పొయ్యి నీది, నా పొయ్యి నాది. మూడు నెల్లుగా నాకేం పెట్టినావో ఆ గంగమ్మ తల్లికే ఎరుక!"

"సంగటే గదా పెట్టింది," అన్నాడు అరుగు మీదనుంచి గంగాధరం. "నువ్వు రెండు ముద్దలు తింటివి గూడా."

"నువ్వు నోరు ముయ్యవయ్యా!"

గంగాధరం మూసుకున్నాడు. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న విద్యల్లో అదొకటి. కాకపోతే ఎక్కువసేపు చేతకాదు.

జరిగిందిదీ. తెల్లవారి కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడిన శకుంతలమ్మను పక్కింటి దేవకమ్మ పలకరించింది. "ఏం వదినా, మీ గ్యాసు పొయ్యికి రెండు గొట్టాలంట గదా? ఒకటి పశువుల కొట్టంలోంచి వస్తాదంట. రెండోది..." అని ఆగి, కొంగుతో ముక్కు మూసుకుని, గంగాధరం పెరటి మూలనున్న కక్కసు దొడ్డి వైపు వేలు చూపించింది. కొళాయి దగ్గరున్న ఆడవాళ్లంతా ఒకేసారి బిందెల్లోకి తొంగిచూడడం మొదలుపెట్టారు. నవ్వు ఆపుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు మరి.

శకుంతలమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది.

అంతకంటే అవమానం ఇంకోటుంది. ఈ పొయ్యిని వీధి వీధంతా పొగిడింది ఆమే. సిలిండరుకు పేరు రాయించి నాలుగేళ్లయినా అతీగతీ లేని రోజుల్లో, కోడలు తిరుపతిలో ఏదో ఎగ్జిబిషన్‌లో చూసి వచ్చి, మొగుణ్ణి పోరి, మామను బతిమాలి కట్టించిన పొయ్యి. మొదటిరోజు కాఫీ కాచినప్పుడు శకుంతలమ్మ మంట దగ్గర చెయ్యి పెట్టి చూసి, "ఇదేం అగ్గి మే, మసి లేదు, పొగ లేదు!" అని ముక్కున వేలేసుకుంది. నెల తిరిగేసరికి ఆమె దగ్గు సగానికి సగం తగ్గింది. దేవకమ్మను పిలిచి కూర్చోబెట్టి మరీ కాఫీ ఇచ్చింది. "మా కోడలు తెచ్చిన పొయ్యి," అని చెప్పుకుంది.

ఇప్పుడా మాటలన్నీ తనకే ఎదురు తిరిగాయి.

"హరీ! రే హరీ! యాడుండావురా?"

హరినాథ్ పాలక్యాను సైకిలుకు కట్టుకుంటున్నాడు. "పాలకేంద్రానికి టైమైంది మా. వచ్చినాక మాట్లాడదాం."

"నీ పెండ్లాము మీ నాయనకీ నాకీ ఏం తినిపించిందో నీకు తెలుసునా?"

హరినాథ్ అమ్మ వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు, చివరికి సైకిలు చైను వైపు చూసి దాన్ని సరిచెయ్యడంలో పడ్డాడు. ఆ చైనుకు ఏ రోగమూ లేదు.

పల్లవికి ఒళ్లు మండిపోయింది. పుట్టింటికి వెళ్లిపోదామా అనిపించింది. తిరుపతి ఎంతో దూరం కాదు, చంద్రగిరి దాకా నడిస్తే బస్సు దొరుకుతుంది. కానీ నిన్ననే ఊళ్లో గంగజాతర చాటింపు పడింది. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటకూడదు. అలిగినవాళ్లూ అలక తెప్పించినవాళ్లూ ఒకే కప్పు కింద వారం రోజులు పడి ఉండాల్సిందే. గంగమ్మ తల్లి అత్తాకోడళ్ల సంగతి బాగా తెలిసే ఈ కట్టు పెట్టిందేమో.

"ముందు ఆ పొయ్యి కట్టిన మేస్త్రిగాణ్ణి పిలిపించు," అంది శకుంతలమ్మ మొగుడితో. "చాటింపు పడింది గదా, యాడికీ పోయుండడు."

* * *

మేస్త్రి చిన్నబ్బ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. మామూలుగా ఇల్లు దద్దరిల్లేలా మాట్లాడే మనిషి, ఇవాళ నేల చూపులు చూస్తున్నాడు. టీ అంగడి దగ్గర కూర్చుని, "ఈ సుట్టుపక్కల రెండు గొట్టాల ప్లాంటు కట్టినోణ్ణి నేనొక్కణ్ణే," అని గొప్పలు పోయింది అతనే. ఎంతైనా పనిమంతుడు. చేసిన పని చెప్పుకోకపోతే అన్నం అరగదు.

"నిజమేనా?" అంది శకుంతలమ్మ.

"ఏందక్కా?"

"ఆ రెండో గొట్టం."

"నిజమేనక్కా."

శకుంతలమ్మ కళ్లు మూసుకుంది. అంతదాకా ఆమెలో ఎక్కడో చిన్న ఆశ ఉండేది, దేవకమ్మ నోటికి హద్దు లేదు కాబట్టి ఇది కూడా పుట్టించిన మాటే అయ్యుంటుందని. ఆ ఆశ కాస్తా పోయింది.

"లోపల అంతా కుళ్లి గ్యాసయి పోతాదక్కా," చిన్నబ్బ సముదాయించబోయాడు. "మంట మంటే. దాంట్లో ఇంగేం ఉండదు. ఆవు పేడైనా, ఇంగోటైనా..."

"ఆవు పేడతో వాకిలి అలుకుతాం రా. ఇంగోదాంతో అలుకుతామా?"

గంగాధరానికి నవ్వొచ్చి, దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు.

"ఎవురు సెప్తే పెట్టినావు?"

ఈ మాట కోసమే పల్లవి తలుపు వెనక నిలబడి ఉంది. గొట్టం సంగతి ఆమెకు తెలుసు. తెలియడమేమిటి, పెట్టమన్నదే ఆమె. రెండు గేదెల్ని అమ్మేశాక పేడ చాలక, సంగటి సగం ఉడికేసరికి మంట ఆరిపోయేది. నూక పలుకు పలుకుగా ఉండిపోయేది. "కక్కసు నుంచి ఇంకో గొట్టం ఇస్తే సాలమ్మా, మళ్లీ సూసుకునే పనుండదు," అన్నాడు చిన్నబ్బ. ఆమె మొదట నవ్వింది. రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు, అత్తామామలు కాణిపాకం వెళ్లిన పూట చూసి, "కానీ చిన్నబ్బా," అంది. వాళ్లు ప్రసాదం పట్టుకుని తిరిగొచ్చేసరికి గొట్టం మీద మన్ను కప్పడం కూడా అయిపోయింది.

"ఎవురూ సెప్పలేదక్కా," అన్నాడు చిన్నబ్బ. "నాకే బుద్ధి పుట్టింది. పల్లవమ్మకేం తెలుసు పాపం?"

పల్లవి గుండె ఒక్కసారి తేలికపడింది. ఆ తేలికదనం చూసి ఆమెకే సిగ్గేసింది.

"అయితే ఇను," శకుంతలమ్మ లేచి నిలబడింది. "ఈ దినం నుంచి నువ్వు నా వాకిలి తొక్కద్దు. గంగమ్మ గుడి అరుగు పని నీకే ఇమ్మని మా ఇంటాయనతో సెప్పిస్తి గదా, ఈ పొద్దే పోయి వద్దని సెప్పిస్తా. ఇంట్లో ఆడోళ్లకు తెలీకుండా ఇట్టాంటి పని సేసే వాడికి తల్లి గుడి పనా?"

చిన్నబ్బ మొహం వాడిపోయింది. గుడి అరుగు మీద తన పేరు చెక్కిస్తారని అతను ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. అయినా తలగుడ్డ చుట్టుకుని, "నీ ఇష్టమక్కా," అని వెనక్కి తిరిగాడు.

నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగు పడేలోగా పల్లవి వాకిట్లోకి వచ్చింది.

"నేనే పెట్టమన్నాను అత్తా."

హరినాథ్ సైకిలు చైను వదిలేశాడు. కంప మీది కోడిపెట్ట ఒక్కటే సందు చూసుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి నడిచొచ్చింది.

"చిన్నబ్బది ఏం తప్పు లేదు. పేడ చాలకుండా వచ్చింది, నేనే పెట్టించినాను. మీరు కాణిపాకం పోయినప్పుడు."

శకుంతలమ్మ కోడలి వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నారు అందరూ. అరిచుంటే పల్లవికి ఎంతో హాయిగా ఉండేది. అత్త మెల్లగా అరుగు మీద కూర్చుంది.

"ఇన్ని దినాలు నా ఎదురుగ్గా కూసోని తింటివి. నీకు తెలుసు, నాకు తెలీదు. మా కోడలు తెచ్చిన పొయ్యి అని నేను ఈదిలో చెప్పుకుంటాంటే ఈడ నిలబడి ఇంటివి గదమ్మా. నవ్వుకుంటివా?"

"లేదత్తా! నవ్వుకోలేదు. భయపడినాను." అంది పల్లవి. "చెప్తే నువ్వు ఒప్పుకోవని..."

"నేను ఒప్పుకోనని నీకెట్ల తెలుసు? అడిగినావా?"

"అడిగుంటే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాను," అంది శకుంతలమ్మ ఖండితంగా. "అయినా అడగాల."

గంగాధరం ఇక ఆగలేకపోయాడు. "సరేలేవే. తిలా పాపం తలా పిడికెడు. నీ పొయ్యి మీది కాఫీ ఈ ఈదిలో తాగనోళ్లు ఎవురుండారు? ఆ దేవకమ్మ వారానికి నాలుగు తూర్లు తాగి పోలేదా?"

"అదే గదా నా ఏడుపు!" శకుంతలమ్మ ఈసారి నిజంగానే ఏడ్చింది. "సుక్రారం గంగమ్మ పేరుతో ఈదికి తొలి అంబలి పొయ్యాల్సింది మనం. నా అత్త పోసింది, నేను పోసినా. ఈ ఇంటి కుండ దించినాకే తక్కిన ఇండ్లోళ్లు పోస్తారు. ఈ తూరి ఎవురన్నా చెంబు తెస్తారా మన కుండ కాడికి?"

"అంబలి కట్టెల పొయ్యి మీద కాస్తే పోతుంది కదా మా," అన్నాడు హరినాథ్. పొద్దున్నుంచి అతను మాట్లాడిన మొదటి పనికొచ్చే మాట అదే. "ఆ గ్యాసు గుంత కూడా పూడ్చేద్దాం. గొడవుండదు."

పల్లవి మొగుడి వైపు చూసింది. గుంత పూడ్చేస్తే పోయేది గుంత ఒక్కటేనా? తెల్లారి లేచి పొగలో కళ్లు నులుముకోవడం, రాత్రి పడుకోబోయేముందు మసిగిన్నెలు తోమడం, అత్త దగ్గు, అన్నీ తిరిగొస్తాయి. అంతకంటే, ఈ ఇంటికి తాను తెచ్చిన ఒకే ఒక్క వస్తువు మన్ను కిందికి పోతుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో తాను ఇంకే మాట చెప్పినా, "నీ గొట్టం సంగతి తెలీదా?" అంటారు.

శకుంతలమ్మ కళ్లు తుడుచుకుంది. పెరట్లో పొగలు కక్కుతున్న కట్టెల వైపు చూసింది. ఒకసారి దగ్గింది.

"పూడ్చొద్దు," అంది.

అందరూ ఉలిక్కిపడ్డారు.

"అంబలి దాని మీదనే కాయి. నేనేం అడ్డం రాను. కానీ కుండ కాడ నువ్వే నిలబడాల. చెంబు సాపిన ప్రతి మనిషికీ, ఈ అంబలి దేని మీద కాగిందో ముందర చెప్పాల, ఆనెక పొయ్యాల. దాపరికం ఉండకూడదు. తాగేవోళ్లు తాగతారు, పొయ్యేవోళ్లు పోతారు. ఒక్కరూ తాగకపోతే..." ఆమె లేచింది. "శనారం పొద్దున్నే గుంత పూడ్పిస్తా. చిన్నబ్బా, నువ్వే పూడ్చాల."

"అట్నేనక్కా," అన్నాడు చిన్నబ్బ. గుడి అరుగు మాట అడగడానికి ధైర్యం చాలలేదు.

* * *

గురువారం రోజంతా ఇంట్లో రెండు వంటలు, రెండు మూకుళ్లు. శకుంతలమ్మ కట్టెల పొయ్యి మీద వండుకున్నది శకుంతలమ్మే తిన్నది. గంగాధరం మటుకు రెండు చోట్లా తిన్నాడు. ఎవరి మనసూ నొప్పించకూడదని ఆయన అభిప్రాయం.

పల్లవికి ఇంకో బెంగ పట్టుకుంది. చెప్పాలి సరే, ఏ మాటతో చెప్పాలి? వేపాకు కట్టిన అమ్మవారి కుండ పక్కన నిలబడి కక్కసు అనే మాట ఎట్లా అనడం?

"'జీవవాయువు' అను," సలహా ఇచ్చాడు హరినాథ్, పాలకేంద్రంలో వేలాడదీసిన పోస్టరు గుర్తు చేసుకుని.

"ఎవరికర్థమవుతుంది?"

"అర్థం కాకపోతేనే కదా మంచిది. లేదంటే 'సహజ వాయువు' అను. సహజమే కదా."

పల్లవికి ఏడుపులోనూ నవ్వొచ్చింది. రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. "నువ్వు నీ చైను సరిచేసుకో," అంది.

శుక్రవారం తెల్లవారుతూనే తలంటుకుని, నానబెట్టిన రాగిపిండిని పొయ్యి మీదికెక్కించింది. మంట నిండుగా వచ్చింది. తెడ్డుతో తిప్పుతుంటే వాకిలి దగ్గర అలికిడైంది. శకుంతలమ్మ గడప అవతలే నిలబడి ఉంది. లోపలికి రాలేదు. వెళ్లిపోనూ లేదు.

"తెడ్డు ఆపద్దు మే. అడుగంటుతాది."

"ఆపలేదత్తా."

"నూక ఇప్పుడు ఎయ్యి. ఒక్కసారే పొయ్యద్దు."

అట్లా గడప అవతలనుంచే అంబలి మొత్తం ఆమే కాచింది. చల్లారాక మజ్జిగ కలిపి, ఎర్ర ఉల్లిగడ్డ తరిగి వేసి, కుండకు వేపమండలు కట్టి, పసుపు కుంకుమ పెట్టి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని వీధిలోకి తెచ్చారు. కుండ దించగానే శకుంతలమ్మ వెళ్లి అరుగు మీద కూర్చుంది. అక్కడినుంచి ఇక కోడలి పని.

వీధి వీధంతా వచ్చింది. చెంబులతో వచ్చిన వాళ్లు కొందరు, ఏం జరుగుతుందో చూద్దామని వచ్చిన వాళ్లు ఎక్కువ. అందరికంటే ముందు దేవకమ్మ నిలబడింది. చేతిలో ఇత్తడి చెంబు ఉంది గానీ చాపలేదు.

పల్లవి గరిటె పట్టుకుంది. జీవవాయువూ సహజ వాయువూ రెండూ నోటిదాకా వచ్చాయి. అరుగు మీద అత్త చూపు తన వీపుకు తగులుతున్నట్టే ఉంది.

"దేవకత్తా, ఇది మా పేడ గ్యాసు మీద కాచింది. పేడ ఒక్కటే కాదు. దాంట్లోకి మా కక్కసు గొట్టం కూడా కలిపినాము. నేనే కలిపించినాను. మా అత్తకు తెలీదు. పొయ్యమంటే పోస్తాను."

ఎక్కడో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎదురింటి మునిలక్ష్మి చెంబును కొంగు కింద దాచేసింది. దేవకమ్మ మాత్రం నవ్వలేదు. కుండలోకి తొంగి చూసింది. రాగి అంబలి, తేలుతున్న ఎర్రగడ్డ ముక్కలు. ఎన్నేళ్లుగానో చూస్తున్న అంబలిలాగే ఉంది.

"మీ అత్త తాగిందా?" అంది.

పల్లవి ఈ ప్రశ్న ఊహించలేదు. తాగిందని ఒక్క మాట అంటే పని అయిపోతుంది. వీధి మొత్తం చెంబులు చాపుతుంది, గుంత నిలబడుతుంది. ఆ ఒక్క మాట నాలుక చివర దాకా వచ్చింది.

"లేదు దేవకత్తా. ఆ పొయ్యి మీద ఉడికింది మా అత్త మూడు దినాలుగా ముట్టలేదు."

తలలన్నీ అరుగు వైపు తిరిగాయి. పల్లవి మాత్రం తిరగలేదు. తిరిగి చూసే ధైర్యం లేక కుండ అంచునే చూస్తూ నిలబడింది. కట్టుకున్న చీర కుచ్చిళ్లు సవరించుకుంటున్న చప్పుడు, మెట్టు దిగుతున్న చప్పుడు, తెలిసిన మట్టెల చప్పుడు. అది ఇంట్లోకి వెళ్తున్నదో ఇటు వస్తున్నదో అర్థం కాలేదు.

"పొయ్యి," అన్నది శకుంతలమ్మ గొంతు.

ఏ పొయ్యి గురించో అనుకుని పల్లవి బిత్తరపోయి తలెత్తింది. ఎదురుగా అత్త దోసిలి పట్టి నిలబడి ఉంది.

"పొయ్యి మే. చెయ్యి నొప్పి పెడతాది."

పల్లవి గరిటె వంచింది. సగం దోసిట్లో, సగం నేలమీద పడింది. శకుంతలమ్మ కళ్లు మూసుకుని గటగటా తాగేసింది. మూతి తుడుచుకుంది. వీధంతా ఆమె మొహంలోకే చూస్తోంది. పల్లవికి కళ్ల నిండా నీళ్లు తిరిగి అత్త మొహం సరిగ్గా కనిపించలేదు.

"ఉప్పు తక్కువైంది," అంది శకుంతలమ్మ, చివరి వరసలో వాళ్లకు కూడా వినిపించేట్టు.

"అయ్యో, ఉప్పుకేం భాగ్యం వదినా," అంది దేవకమ్మ. "మా ఇంట్లో ఉండాది. తెస్తానుండు."

చెంబు పట్టుకుని గిర్రున తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆమె వెనక తలుపు దానంతటదే దగ్గరికి పడింది.

ఉప్పు తేవడానికే వెళ్లిందో, ఉప్పు వంకతో తప్పించుకుందో ఎవరికీ తెలియదు. అత్తాకోడళ్లిద్దరూ కుండకు చెరో పక్కా నిలబడి, వీధితో పాటు ఆ తలుపు వైపే చూస్తున్నారు.